పుట్టి అంటే ఎంత?



కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనేవారు కారు, ‘లాభం’ అనేవారు. ఆ తరువాతనే రెండు, మూడు. అయితే ఆ లాభం ఎవరిదన్నది కుంచం చెప్పదు గదా! కుంచం ఎవరిది, పోసే చెయ్యి ఎవరిది, ఆ వూళ్ళో కుంచమంటే ఎన్ని మానికలు – ఇవి తెలిస్తే గాని లెక్క తేలేది కాదు. గింజలు దాచుకునే వాటి పేర్లు, పోసి కొలిచే వాటి పేర్లు, కొలత పేర్లు మన భాషలో ఒకదానిలో ఒకటి కలిసిపోయి వున్నవి. ఈ వేళ వాటిని గురించి కొంచెం ముచ్చటించుకుందాం.

ముందు ‘పుట్టి’ మాట తీసుకోండి. ఇరవై తూములు ఒక పుట్టి. అయిదు తూములైతే ఏదుము, పది అయితే పందుము. ఇది గింజల లెక్క. కాని పుట్టి భూమికి కూడా కొలతే. పుట్టెడు విత్తనాలు పట్టే నేల పుట్టెడు నేల. ఇదేదో పల్లెటూరి వాడుక అనుకోకండి. వెయ్యి సంవత్సరాలకు పూర్వం తూర్పు చాళుక్యులు దానమిచ్చిన భూములకు రాగి రేకుల మీద రాయించిన లెక్క కూడా ఇదే. పన్నెండు ఖండికల కోద్రవ బీజాలు, అంటే ఆరికల విత్తనాలు, పట్టే క్షేత్రం అని రాశారు. గొలుసు పట్టి కొలిచిన లెక్క కాదది. రైతు చేతిలోని విత్తనం లెక్క. మెట్ట అయితే ఒక విస్తీర్ణం, మాగాణి అయితే మరొకటి. భూమి సత్తువ కూడా ఆ కొలతలోనే ఇమిడి వుండేది.

కృష్ణా, తుంగభద్రా తీరాల వాళ్ళను అడగండి, పుట్టి అంటే ఏరు దాటించే గుండ్రని బుట్ట పడవ అంటారు. వెదురుతో అల్లి తోలు కప్పేవారు. తరువాత తారు పూసిన పట్టా వచ్చింది. ఇక ఇంట్లో కష్టం వచ్చినవాడు పుట్టెడు దుఃఖంలో వున్నాడంటాం. ఆశ అయితే గంపెడు, చాకిరీ అయితే బండెడు. దుఃఖాన్ని కూడా ధాన్యం లాగే కొలుచుకున్న జాతి మనది. తూము సంగతీ అంతే. గింజలకు అది కొలత, చెరువు కట్టకు నీళ్ళు వదిలే దారి.

ఇక దాచుకునేవి. కృష్ణా, గోదావరి మండలాల్లో గడ్డిని మోకుగా పేని, చుట్టు మీద చుట్టు వేస్తూ మధ్యలో వడ్లు పోసి ‘పురి’ కట్టేవారు. పురి అంటే మెలిక. ఆ మెలికే కొట్టు పేరయింది. వెదురుతో అల్లి పేడా మట్టీ మెత్తినది గుమ్మి. గాదె సరే సరి. ఇంటి సొమ్ము తినేవాణ్ణి గాదె కింద పందికొక్కు అనడం ఎరగనివారెవరు? గాదె నేలకు ఆనించి కడితే పందికొక్కు కిందినుంచి తొలిచేస్తుంది. ఆ నష్టం అనుభవించినవాళ్ళే ఈ సామెత కట్టి వుంటారు.

అన్నిటిలోకీ చెప్పుకోవలసింది పాతర. గట్టి నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతి మట్టితో మెత్తేవారు. పైకి చూస్తే ఏమీ కనబడదు. 1816లో పిండారీలు గుంటూరు సీమ మీద పడి దోచుకున్నారు. అటువంటి రోజుల్లో పెరట్లో నిలబడిన గాదె కంటే భూమిలోని పాతర ఎంత మేలో చెప్పనక్కరలేదు. గాలి చొరబడదు గనుక లోపల పురుగు కూడా బతకదు. కాని ఆ గుణమే మనిషికి ప్రాణాంతకం. లోపలి గింజలూ పురుగులూ ప్రాణవాయువును వాడేసి బొగ్గుపులుసు గాలిని వదులుతాయి. మూత తీసీ తియ్యగానే దిగినవాడు స్పృహ తప్పి అక్కడే పడిపోతాడు. వాణ్ణి తీయబోయిన రెండోవాడికీ అదే గతి. అందుకే మూత తీసి చాలాసేపు వదిలేసి, దీపాన్ని తాడుతో దించి చూసేవారు. దీపం ఆరితే దిగేవారు కారు. పరువు పాతరేశాడని మనం తేలిగ్గా అనేస్తాం గాని, పాతర తీయడం ఎంత జాగ్రత్త పనో ఆ మాటలో వినబడదు.

కొన్ని పేర్లు ఓడ కూడా ఎక్కినవి. గరిసె అంటే ధాన్యపు కొట్టు. ఆ పేరునే తూర్పు ఇండియా కంపెనీవారు ‘గార్స్’ అని రాసుకొని మద్రాసులో పెద్ద కొలత చేసుకున్నారు. నాలుగు వందల మరకాలు ఒక గార్స్. మన గోనె, ఇంగ్లీషువాళ్ళ ‘గన్నీ’ ఒక కుదురువే. ‘గోణి’ మాట పాణిని సూత్రాల్లోనే వుంది. బస్తా పారసీక పదం, కట్టినది అని అర్థం.

ఇన్ని అర్థాలుంటే నష్టమేమిటి అంటారా? వినడానికి ఏమీ లేదు. అప్పు దగ్గర వుంది. విత్తనాలకో తిండికో గింజలు తెచ్చుకొని, పంట రాగానే గింజలతోనే వడ్డీ కలిపి తీర్చే పద్ధతిని ‘నాగు’ అనేవారు. ఇచ్చేటప్పుడు కుంచం అంచుకు సమంగా గీసి, పుచ్చుకునేటప్పుడు కుప్పగా పోయించుకుంటే, పత్రంలో మాట మారదు, గింజలు మారతాయి. గంపగుత్త సంగతీ ఇటువంటిదే. కొలవకుండా చేను మొత్తానికి ఒక ధర కట్టడం. అవసరంలో వున్నవాడి లెక్క అక్కడ ఎప్పుడూ తక్కువే.

1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా అమలయినవి. కుంచాలు అటకెక్కాయి గాని పేర్లు పోలేదు. కోస్తా జిల్లాల్లో ఎకరానికి ఎన్ని బస్తాలంటే 75 కిలోల బస్తా అని లెక్క. నెల్లూరు సీమలో ధాన్యం బేరం ఇప్పటికీ పుట్టిలోనే. అక్కడ పుట్టి అంటే 850 కిలోలు. అయితే కోతల కాలంలో ఆ 850కి పైన వంద, రెండు వందల కిలోలు అదనంగా తూయించుకొని పుట్టి ధరే ఇస్తున్నారని రైతులు ఫిర్యాదు చేసిన సందర్భాలు యీ మధ్య సంవత్సరాల్లో కూడా వున్నవి. కాబట్టి ధర మాట్లాడేటప్పుడే పుట్టికి ఎన్ని కిలోలో అడగండి. తేమకు, తాలుకు, సంచి బరువుకు తగ్గించేది ఎంతో కూడా అప్పుడే తేల్చుకొని, రసీదు మీద కిలోలలో రాయించుకోండి.