ఖాళీ గదుల లెక్క

2013 మొదట్లో మేం చికాగో శివారులో ఇల్లు కొనుక్కున్నాం. అమెరికాలో నలుగురు తెలుగువాళ్ళు కలిసినప్పుడు కొత్త ఇంటి గురించి ముందు అడిగేది గదులెన్ని అని కాదు, ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ అని. మా స్కూలుకి పదికి 9 రేటింగు ఉంది. కాలేజీలో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట కాస్త గర్వంగానే చెప్పాను. నా ఎదురుగా కూర్చున్న సహోద్యోగి నల్లజాతి స్త్రీ. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మన ఊళ్ళో అయితే అక్కా అని పిలిచేదాన్ని. ఆమె అంతా విని, "మంచిది. మా మనవడి బడి మూసేసేవాటి జాబితాలో ఉంది" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

ఆ రోజు నాకేం మాట్లాడాలో తోచలేదు. ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను, ఆమెను అడగడమూ మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ రెండింటి నుంచీ వచ్చింది.

2013 మే 22న చికాగో విద్యా బోర్డు 50 బడులు మూసెయ్యడానికి ఓటు వేసింది. ఒకే విడతలో ఇన్ని బడులు మూసిన నగరం అమెరికాలో అంతకుముందు లేదు. నగరంలోని బడి పిల్లల్లో నల్లజాతి పిల్లలు దాదాపు 40 శాతం. మూతపడ్డ బడుల్లో వాళ్ళు దాదాపు 88 శాతం. అధికారులు చూపించిన కారణాలు రెండు. వంద కోట్ల డాలర్ల లోటు ఒకటి, ఖాళీగా ఉన్న గదులు రెండోది. తరగతి గదికి 30 మంది పిల్లలు అన్న లెక్కతో ప్రతి బడినీ కొలిచి, తక్కువ పడినవాటిని 'సరిగా వినియోగంలో లేని' బడులన్నారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఎనిమిది మందికో పదిమందికో ఒక గది వాడుకుంటున్న బడి కూడా ఆ లెక్కలో ఖాళీ బడిగానే తేలింది.

లెక్క పూర్తిగా అబద్ధమని నేననను. గదులు ఖాళీగా ఉన్నమాట నిజమే. కానీ అవెలా ఖాళీ అయ్యాయి? చరిత్ర అడగాల్సిన ప్రశ్న ఇదీ, ఆ జాబితా అడగని ప్రశ్నా ఇదే.

మా సహోద్యోగి తల్లి దక్షిణాది నుంచి రైల్లో చికాగో వచ్చింది. లక్షల మంది నల్లజాతి ప్రజలు అలాగే వచ్చారు. నల్లవాళ్ళకు ఇల్లు అమ్మకూడదన్న ఒప్పందాలూ, అప్పివ్వని బ్యాంకులూ కలిసి వాళ్ళను నగరం దక్షిణాన ఒక ఇరుకు పట్టీలో కుక్కేశాయి. బ్రాంజ్‌విల్ అక్కడిదే. కవి గ్వెండలిన్ బ్రూక్స్ తన మొదటి సంపుటికి ఆ పేట పేరే పెట్టుకుంది. ఆ పేటల్లో బడులు కిక్కిరిసిపోయి పిల్లలు పూటకొకరుగా చదువుకునేవారు. కొద్ది దూరంలోని తెల్లవాళ్ళ బడుల్లో గదులు ఖాళీగా ఉండేవి. 1953 నుంచి 1966 దాకా సూపరింటెండెంటుగా ఉన్న బెంజమిన్ విల్లిస్ నల్లపిల్లల్ని ఆ గదుల్లోకి పంపకుండా, వాళ్ళ బడుల ఆవరణల్లోనే రేకుల బళ్ళలాంటి తాత్కాలిక గదులు పెట్టించాడు. జనం వాటికి 'విల్లిస్ బళ్ళు' అని పేరు పెట్టారు. 1963 వేసవిలో తల్లులు ఆ గదులు కట్టే చోట యంత్రాలకు అడ్డంగా నిలబడ్డారు. అదే ఏడాది అక్టోబరు 22న 2 లక్షల మందికి పైగా పిల్లలు బడి మానేశారు.

"నాకప్పుడు ఏడేళ్ళు. బడి ఎగ్గొట్టమని మా అమ్మ చెప్పింది ఆ ఒక్క రోజే" అంది ఆమె నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, "అప్పుడు మేం మరీ ఎక్కువైపోయామన్నారు. ఇప్పుడు మరీ తక్కువైపోయామంటున్నారు" అంది.

ఈ రెంటికీ నడుమ జరిగింది చూడాలి. 1962లో బ్రాంజ్‌విల్‌లో రాబర్ట్ టేలర్ హోమ్స్ అనే 28 ఎత్తైన ప్రభుత్వ గృహ సముదాయాలు పూర్తయ్యాయి. పేద నల్లజాతి కుటుంబాలను అక్కడ చేర్చి, మరమ్మతులు మానేసి, చివరికి పడగొట్టారు. 2007కి ఆఖరి భవనం కూడా నేలమట్టమయింది. 2000 నుంచి 2010 లోపు నగరంలో నల్లజాతి జనాభా సుమారు 1,80,000 తగ్గింది. ఇళ్ళు పడగొట్టిన చోట పిల్లలుంటారా? మరోపక్క అదే పేటల్లో ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు యాజమాన్యాలు నడిపే చార్టర్ స్కూళ్ళు తెరుచుకుంటూ వచ్చాయి. 50 బడులు మూసిన బోర్డే 2014 జనవరిలో 7 కొత్త చార్టర్ స్కూళ్ళకు అనుమతిచ్చింది. గదులు వాటంతటవే ఖాళీ కాలేదు, ఖాళీ చేయించారు. ఆ తర్వాత ఖాళీగా ఉన్నాయని మూశారు.

ఈ కథలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మరొకటుంది. బడులు మూయించిన ప్రధానాధికారి బార్బరా బర్డ్ బెనెట్ నల్లజాతి స్త్రీ. ఆమెను ఎదిరించిన ఉపాధ్యాయ సంఘం అధ్యక్షురాలు, ఒకప్పటి కెమిస్ట్రీ టీచరు కారెన్ లూయిస్ కూడా నల్లజాతి స్త్రీయే. పై కుర్చీలో 'మనలాంటి స్త్రీ' కూర్చుంటే చాలనుకునే మనకు ఇది మింగుడుపడదు. ఆ కుర్చీ ఎవరికి జవాబుదారీ అన్నది అసలు ప్రశ్న. 1995 నుంచీ అప్పటిదాకా చికాగోలో విద్యా బోర్డు సభ్యుల్ని మేయరే నియమిస్తూ వచ్చాడు. తల్లులూ అమ్మమ్మలూ సభలకెళ్ళి ఎంత మాట్లాడినా, బోర్డు మాత్రం వాళ్ళ ఓటుతో వచ్చింది కాదు.

మూసివేతలకు ఓటు పడిన నెలకే అదే బోర్డు ప్రిన్సిపాళ్ళ శిక్షణ కోసం టెండరు లేకుండా 2 కోట్ల డాలర్లకు పైబడ్డ కాంట్రాక్టు ఒకటి ఇచ్చింది. ఆ సంస్థలో బర్డ్ బెనెట్ అంతకుముందు పనిచేసింది. కాంట్రాక్టు ఇప్పించినందుకు వాటా పుచ్చుకోవడానికి ఒప్పుకున్నానని 2015లో ఆమే కోర్టులో నేరం అంగీకరించింది. 2017లో నాలుగున్నరేళ్ళ జైలుశిక్ష పడింది. డబ్బు లేదని బడులు మూసిన వసంతం అది. అధికారుల్ని జనం నమ్మకపోవడాన్ని అజ్ఞానమనీ, మార్పంటే భయమనీ రాసినవాళ్ళున్నారు. నాకు మాత్రం అది జ్ఞాపకం అనిపిస్తుంది. 1963ని ఏడేళ్ళ వయసులో చూసిన మనిషి 2013 లెక్కను ఏ ధైర్యంతో నమ్మాలి?

మూతపడ్డ బడుల్లో రచయిత ఆర్నా బాంటాంప్స్ పేరున్న బడి ఉంది. ఉత్తర ధ్రువ యాత్రికుడు మాథ్యూ హెన్సన్ పేరున్నదీ ఉంది. ఆ పేటల నుంచి పిల్లలతోపాటు ఆ పేర్లూ పోయాయి. బ్రాంజ్‌విల్‌లో టీచరుగా పనిచేసిన కవి, సామాజిక శాస్త్రవేత్త ఈవ్ యూయింగ్ 2018లో వెలువరించిన పుస్తకంలో ఈ దుఃఖం గురించే రాసింది. బడి పోవడం ఇంట్లో మనిషి పోవడంలాంటిదని ఆమె వాదన. అదే ఏడాది చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం కూడా వచ్చింది. మూసివేత ప్రకటించిన ఏడాదే పిల్లల మార్కులు పడిపోయాయనీ, లెక్కల్లో ఆ దెబ్బ ఏళ్ళ తరబడి కోలుకోలేదనీ అది తేల్చింది.

ఓటమే కాదు, గెలుపూ ఉంది. బ్రాంజ్‌విల్‌లోని డయెట్ హైస్కూలు కోసం 2015 ఆగస్టులో 12 మంది నిరాహారదీక్షకు కూర్చున్నారు. వాళ్ళలో అమ్మమ్మల వయసు స్త్రీలున్నారు. దీక్ష 34 రోజులు సాగింది. వాళ్ళు కోరిన పాఠ్య ప్రణాళిక దక్కలేదు గానీ, బడి 2016లో మళ్ళీ తెరుచుకుంది. బోర్డును ఎన్నుకునే హక్కు కోసం జరిగిన పోరాటం 2021లో చట్టమయింది. 2024 నవంబరులో చికాగో ప్రజలు తమ చరిత్రలో మొదటిసారి విద్యా బోర్డు సభ్యుల్ని ఓటేసి ఎన్నుకున్నారు.

మా సహోద్యోగి మనవడు ఆ ఏడాదే కొత్త బడికి మారాడు. కొన్నాళ్ళు ఆమె ఆఫీసుకు ఆలస్యంగా వచ్చేది. వాడు ముఠాల సరిహద్దులు దాటి నడవాలి కాబట్టి తనే దింపి వచ్చేది. నా కూతురు మాత్రం పదికి 9 రేటింగు ఉన్న స్కూల్లో చదువుకుని కాలేజీకి వెళ్ళింది. నేను ఇల్లు అమ్మలేదు, స్కూలు మార్చలేదు. అది దాచి ఈ వ్యాసం రాయడం నాకిష్టం లేదు.

ఒకసారి ఆమె నన్ను అడిగింది, "ఆ 9 ఎవరిచ్చారు?" అని. పరీక్షల మార్కులను బట్టి ఇస్తారన్నాను. ఆ మార్కుల వెనక ఏముందని అడిగింది. మా రాష్ట్రంలో బడి డబ్బు ఎక్కువ భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఖరీదైన ఇళ్ళున్న చోట మంచి బడి, మంచి బడి ఉందని ఆ ఇళ్ళకు మరింత ఖరీదు. ఒకప్పుడు ఆమె తల్లికి అమ్మకూడదన్న ఇళ్ళలాంటివే, నిన్నగాక మొన్న వచ్చిన నాకు చేతులు కలిపి అమ్మారు. నా 9, ఆమె మనవడి బడి ఖాళీ గదులు, ఒకే లెక్కలో రెండు వైపులు.

ఇప్పటికీ పండగ భోజనాల దగ్గర కొత్తగా వచ్చిన అమ్మాయిలు నన్ను అడుగుతారు, "అక్కా, మీది ఏ డిస్ట్రిక్ట్?" అని. చెప్తాను. చెప్పి ఊరుకోవడం మాత్రం మానేశాను.