పంజరంలో పుట్టిన పక్షి: ఆఫ్రికన్ గ్రే చిలుక పెంపకం – ఒక నైతిక పరిశీలన

తెలుగునాట చిలుకను పంజరంలో పెంచడం ఎంత పాత అలవాటో, అది పాపమన్న భావన కూడా అంత పాతదే. భద్రాచల రామదాసు గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు ఎందుకు మగ్గాడు? ప్రభుత్వ పన్నుల సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడన్నది తానీషా కొలువు మోపిన అభియోగం. జనానికి ఆ కారణం చాలలేదు. పూర్వజన్మలో ఆయన ఒక చిలుకను పంజరంలో బంధించాడని, ఆ కర్మఫలమే ఈ చెర అని కథ చెప్పుకున్నారు. ఆ చిలుక ఏ అడవిదో, ఎవరు పట్టి తెచ్చారో ఆ కథకు అక్కర్లేదు. బంధించడమే అక్కడ నేరం.

మన చట్టం మాత్రం ముందుగా అడిగేది పక్షి ఏ దేశానిదని. రామచిలుకను ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ చట్టానికి 2022లో వచ్చిన సవరణ, దాని ఆధారంగా 2024లో వెలువడిన నియమాల ప్రకారం, వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం జాబితాల్లో ఉన్న విదేశీ జంతువులు ఎవరి దగ్గర ఉన్నా నమోదు చేయించాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలియజేయాలి. దొంగరవాణాను కనిపెట్టడానికి ఇది అవసరమే, కాదనను. కానీ కాగితాలు సరిగా ఉన్నంత మాత్రాన ఆ పక్షి బతుకు సరిగా ఉన్నట్టేనా?

అలాంటి విదేశీ జీవుల్లో ఒకటైన ఆఫ్రికన్ గ్రే చిలుక పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల పక్షి. బూడిదరంగు ఒళ్ళు, ఎర్రని తోక. గుంపులుగా బతుకుతుంది. వేటగాళ్ళు ఎర చిలుకను కట్టి, కొమ్మలకు జిగురు పూసి వీటిని పట్టేవారు. ఇళ్ళలో పెంచుకోవాలన్న మోజు, అడవుల నరికివేత కలిసి ఘనాలో 1990ల తర్వాత వీటి సంఖ్యను 90 శాతానికి పైగా తగ్గించాయని పరిశోధకులు తేల్చారు. 2016లో జొహానెస్‌బర్గ్ సమావేశంలో సైట్స్ దీన్ని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చింది.

ఇక్కడ పెంపకందార్లు చెప్పే సమాధానం ఒకటుంది: ‘మాది అడవి నుంచి తెచ్చింది కాదు, పంజరంలోనే పుట్టింది, దానికి వేరే బతుకు తెలియదు.’ ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే చాలామంది దీన్ని నిజాయితీగానే నమ్ముతారు. అయితే కుక్క వేల ఏళ్ళుగా మనిషితో బతుకుతూ మారింది. ఈ చిలుకకు అడవి వదిలి కొన్ని తరాలే అయింది. గుంపు కోసం తపించే స్వభావం గుడ్డులోంచే వస్తుంది.

ఒంటరిగా ఉంచిన గ్రే చిలుకను దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. తరచుగా రొమ్ము మీద, రెక్కల కింద ఈకలుండవు, గరుకైన చర్మం బయటపడి ఉంటుంది. తల మీది ఈకలు మాత్రం చెక్కుచెదరవు, అక్కడికి దాని ముక్కు అందదు కాబట్టి. ఈకలు పీకింది అదే. జబ్బు వల్ల, తిండి లోపం వల్ల కూడా ఇలా జరగవచ్చు, కానీ ఒంటరితనం, విసుగు దీనికి పెద్ద కారణాలు. జంటగా ఉంచిన గ్రే చిలుకలకంటే ఒంటరివాటి టెలోమియర్లు, అంటే క్రోమోజోముల చివర్లలో ఉండే రక్షణ భాగాలు, పొట్టిగా ఉన్నాయని 2014లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఒంటరితనం కణం దాకా దిగుతోందన్నమాట.

గ్రే చిలుక బుద్ధి సంగతి అలెక్స్ అనే చిలుక వల్ల లోకానికి తెలిసింది. శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో షికాగోలో ఒక దుకాణంలో కొన్న మామూలు చిలుక అది. రంగులు, ఆకారాలు, చిన్న సంఖ్యలు గుర్తించి మాటల్లో చెప్పేది. ఆమె పద్ధతిలో ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటుంటే చిలుక చూసి నేర్చుకుంటుంది, అంటే దాని చదువుకూ తోడు కావాలి. అంత మనసున్న జీవి ముందు గింజల గిన్నె, అద్దం, ఒక గంట పెట్టి, రోజంతా ఆఫీసుకు వెళ్ళిపోవడాన్ని ప్రేమ అని నేను అనలేను.

పైగా దీని ఆయుష్షు నలభై ఏళ్ళు దాటవచ్చు. ముప్ఫై ఐదేళ్ళ మనిషి ఈ రోజు కొన్న పిల్ల, ఆయన ముసలితనంలో కూడా బతికే ఉండవచ్చు. ఇప్పటికే ఇళ్ళలో ఉన్నవాటిని మన అడవుల్లో వదలడం పరిష్కారం కాదు, అవి బతకవు, బతికినా ఇక్కడి పక్షులకు ముప్పు. వాటిని ఉన్నచోటే బాగా చూసుకోవాలి: తోడుగా మరో గ్రే, రోజూ ఎగరడానికి గది, వట్టి పొద్దుతిరుగుడు గింజలు కాకుండా కాల్షియం, విటమిన్-ఎ అందే తిండి, తమ తర్వాత ఎవరు చూస్తారో ముందే రాసిపెట్టడం. అమ్మకం కోసం కొత్త పిల్లలను పుట్టించడం మాత్రం ఆపాలి.