బరువులు ఎత్తుతున్నారు సరే.. కింద కూర్చుని లేవగలరా?

జిమ్‌లో 80 కిలోలు ఎత్తే కుర్రాడు దస్తర్‌ఖాన్ ముందు పది నిమిషాలు కూర్చోలేకపోతే ఆ బలం సగమే. అమీన్‌పూర్ మండలం పటేల్‌గూడ నుంచి పటాన్‌చెరు దాకా ఫ్యాక్టరీ షిఫ్టుల మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. కొందరు మిషన్ ముందు గంటల తరబడి నిలబడతారు. కొందరికి బస్తాలు మోసే పని, ఇంకొందరికి కుర్చీ పని. రోజంతా బిగుసుకున్న ఒళ్లుతో జిమ్‌కెళ్లి నేరుగా పెద్ద బరువు అందుకుంటే నడుము పట్టేస్తుంది.

‘ఫంక్షనల్ మూవ్‌మెంట్’ అంటే బ్రహ్మవిద్యేం కాదు. కూర్చోవడం, వంగడం, తోయడం, లాగడం, మోస్తూ నడవడం.. అంతే. సజ్దా నుంచి లేచి నిలబడాలంటే చీలమండ, మోకాలు, తుంటి మూడూ కలిసి పనిచేయాలి. వాటితోపాటు తొడల్లో బలమూ ఉండాలి. అందుకే ఒట్టి స్ట్రెచింగ్‌తో సరిపోదు. వయసుతోపాటు కండ తగ్గుతుంది, దాన్ని నిలబెట్టేది బరువు పనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనూ పెద్దవాళ్లకు నడకలాంటి వ్యాయామం వారానికి 150 నుంచి 300 నిమిషాలు, దాంతోపాటు కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం చెప్పారు.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో కరణం మల్లీశ్వరి చూపించారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. స్నాచ్‌లో బార్‌ని తలపైన పట్టుకుని పూర్తిగా కిందికి కూర్చుని లేవాలి. తుంటి, భుజం సరిగా కదలకపోతే ఎంత కండ ఉన్నా బార్ నిలవదు. మన తాలీమ్‌ఖానాల పహిల్వాన్లూ బైఠక్‌లు, దండ్‌లు తీసేది ఊరికే కాదు. ఆ బైఠక్‌నే ఇప్పుడు స్క్వాట్ అని ఫీజు కట్టి నేర్చుకుంటున్నాం!

మొదట ఖాళీ చేతులతో బైఠక్ తీయాలి. మడమలు లేస్తున్నాయా, మోకాళ్లు లోపలికి పోతున్నాయా, నడుము గుండ్రంగా వంగుతోందా చూసుకోవాలి. పదోసారి కూడా మొదటిసారి లాగే వస్తేనే బరువు పట్టాలి, అదీ కొద్దికొద్దిగా. తీరు చెడితే బరువు తగ్గించాలి, పక్కవాడు నవ్వినా సరే. కండ అలసినట్టుండటం మామూలే. కీలులో పోటు వస్తే మాత్రం ఆపేయాలి.

బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి, ఊపిరి బిగపట్టి ఎత్తకూడదు. ఇంట్లో అబ్బా, అమ్మీలకు గోడకు ఆనించిన కుర్చీ చాలు. చేతులు ఆన్చకుండా కూర్చుని లేవడం ఐదుసార్లతో మొదలుపెట్టించండి, మొదట్లో పక్కన ఒకరుండాలి.