రాష్ట్రముల విభజన - సమ్మతి ప్రశ్న

సమాఖ్యలను గూర్చి వ్రాయువారు సాధారణముగా అధికారముల పట్టికలను ముందుంచుకొందురు: పన్నులెవరివి, పోలీసులెవరివి, రైళ్లెవరివి. ఆ చర్చ అవసరమే. కాని ఒక రాష్ట్రమును చీల్చు నధికారము ఎవరిదని యడిగినప్పుడే సమాఖ్యయొక్క నిజస్వరూపము బయటపడునని మాకు దోచుచున్నది.

1787లో రచింపబడిన అమెరికా రాజ్యాంగము ఈ విషయమున మిక్కిలి కట్టుదిట్టమైనది. ఒక రాష్ట్రమునుండి క్రొత్త రాష్ట్రము పుట్టవలెనన్న ఆ రాష్ట్ర శాసనసభయు, కాంగ్రెసును సమ్మతింపవలయును. 1820లో మసాచుసెట్సు సమ్మతిపైననే మెయిన్ వేఱుపడెను. పశ్చిమ వర్జీనియా కథ వేఱు. 1861లో వర్జీనియా యూనియనును విడిచిపోగా, పడమటి ప్రాంతమువారు వీలింగు పట్టణమున తమదే అసలు వర్జీనియా ప్రభుత్వమని చాటుకొని, ఆ ప్రభుత్వముచేతనే విభజనకు సమ్మతి నిప్పించుకొని, 1863లో రాష్ట్రమైరి! తండ్రి లేనప్పుడు కొడుకులే తండ్రి పేర చేవ్రాలు చేసి ఆస్తి పంచుకొన్నట్లున్నది ఈ వ్యవహారము. అయినను ఆ యుద్ధకాలమున సైతము సమ్మతి యను నియమమును తుడిచివేయుటకు వారు సాహసింపలేదు.

స్విట్జర్లాండున జురా ప్రాంతము బెర్నునుండి విడిపోవుటకు 1974లో ఆ ప్రాంతపు వోటర్లను, 1978లో దేశమందలి వోటర్లనెల్లరను అడిగిరి. 1979లో గాని ఆ క్రొత్త రాష్ట్రము ఏర్పడలేదు.

మన రాజ్యాంగములోని 3వ అధికరణము త్రోవ వేఱు. పార్లమెంటు సామాన్యాధిక్యతతోనే ఏ రాష్ట్రమునైనను విభజింపవచ్చును. రాష్ట్రపతి రాష్ట్ర శాసనసభ యభిప్రాయము నడుగవలెనే కాని, దానికి లోబడవలసిన పని లేదు. 1955 నాటి సవరణ ఆ యభిప్రాయమునకు గడువును గూడ పెట్టెను. దీని ఫలము తెలుగువారి యనుభవమే. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును త్రోసిపుచ్చెను. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించెను. జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను. అమెరికా నియమమే ఇచట నుండినచో, సభలో తక్కువ సంఖ్య గల ప్రాంతమువారు ఎంత కోరినను ఎక్కువ సంఖ్య గలవారి సెలవు లేక వేఱుపడజాలకపోయెడివారు. కావున సమ్మతి నియమము సర్వత్ర న్యాయమని మేమనజాలము. అది పెద్దవారి చేతి తాళము గూడ కావచ్చును.

కాని ఆ తలుపునకు బొత్తిగా గడియ లేకపోవుటయు భయంకరమే. 2019లో జమ్మూ కాశ్మీరమున శాసనసభ లేదు. రాష్ట్రపతి పాలన సాగుచుండెను. ఆ సభకు బదులుగా పార్లమెంటే అభిప్రాయము చెప్పి, ఆ రాష్ట్రమును పార్లమెంటే రెండు కేంద్రపాలిత ప్రాంతములుగా మార్చెను. వీలింగున చేవ్రాలు చేసినవారు ఎట్టివారైనను ఆ నేలవారు. ఇచట అడిగినవారును బదులు చెప్పినవారును ఒక్కరే. సమ్మతి అక్కఱలేదందురు గాక. ఎన్నికైన సభ లేని కాలమున ఇట్టి బిల్లు కదలరాదను నియమమైనను 3వ అధికరణమున చేర్పవలయునని మేము కోరుచున్నాము.