బందరు బాట

ఈ సంచికను జదువు సోదరులలో ననేకులకు హైదరాబాదునుండి బెజవాడమీదుగా బందరునకు బోవు రాజమార్గము చిరపరిచితము. 2010 వఱకు దానికి తొమ్మిదవ సంఖ్య జాతీయ రహదారియని పేరు. పిమ్మట నఱువదియైదవ సంఖ్య వచ్చినది. సంఖ్యలు మాఱినను బెజవాడలో జనులు పెట్టుకొన్న బందరురోడ్డను పేరు మాత్రము మాఱలేదు. మహాత్మాగాంధీ మార్గమని పలకలు వ్రాయించినను నోటికి వచ్చునది పాతపేరే.

ఈ బాటనుగూర్చి యొక యభిప్రాయము బహుళముగా వ్యాపించియున్నది. గోలకొండ సుల్తానులు వేసిన బాటనే యాంగ్లేయులును నిజాము ప్రభుత్వమువారును గట్టిపఱచిరనియు, దానినే మనకాలమువారు వెడల్పు చేసిరనియు పలువురు తలంతురు. పాఠశాలలో చరిత్ర బోధించిన దినములలో నేనీ మాటను విద్యార్థుల నోటను, వారి తండ్రుల నోటనుగూడ వినియుంటిని. ఇది సగము నిజము. బెజవాడకు దూర్పుననున్న భాగము మున్నూటయేబది యేండ్లకు బైగా దాదాపు కదలక యున్నది. పడమటి భాగమో, నడుమ చోటు మాఱినది. ఎచ్చట మాఱినది, ఏల మాఱినది యనునదియే విచారణీయము.

ముందుగా నొక పదవిచారము. రహదారి యనునది పారసీక పదము. దాని మూలార్థము బాట కాదు. బాటను గాచుట, ఆ కాపుదలకై తెరువరులయొద్ద గొను సుంకము. సుంకము ముట్టినదని యిచ్చునది రహదారిచీటి. మన భాషలో సుంకము జాఱిపోయి బాట మిగిలినది. నిజముగా జాఱిపోయినదా యని కీసర టోలుగేటుకడ బారులుదీఱిన బండ్లవారి నడుగవలయును. సంస్కృతమున మార్గశబ్దమునకు వెదకుట ధాత్వర్థము. ఎవరో ముందు వేసియుంచినది గాక, నడచువారు వెదకికొన్నదియే మార్గమన్నమాట. అమరకోశములోని పథపర్యాయములలో ఏకపది యొకటి. ఒక్కొక్కరుగా నడువదగినదని భావము. పదునేడవ శతాబ్దిలో మన బందరుబాట పెక్కుచోట్ల నేకపదియే.

1591లో హైదరాబాదు వెలసినది. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు బందరున గిడ్డంగులు పెట్టిరి. రాజధానియొకచోట, రేవొకచోట నుండుటచే నడుమనున్న పల్లెలకు ప్రాముఖ్యము కలిగినది. ఆ కాలమున నీ బాటను బలుమాఱు నడచిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే. ఆతని యాత్రాగ్రంథము 1676లో పారిసున నచ్చయ్యెను. గోలకొండనుండి బందరునకు తిన్ననిబాట నూఱుక్రోసులనియు, వజ్రపుగనిమీదుగా బోయిన నూటపండ్రెండు క్రోసులనియు, తాను సాధారణముగా రెండవదానినే పట్టుదుననియు నాతడు వ్రాసెను. ఆ గనికి పారసీకులు కొల్లూరనియు దేశీయులు గని యనియు బేర్లు పెట్టిరని చెప్పును. ఆతనికి దేశీయుల మాటగా దోచినది మన తెలుగు గనియే, సంస్కృత ఖనిశబ్దమునకు దద్భవము. తెలుగుపల్లె చెవినుండి ఫ్రెంచి పుస్తకమునకు నేరుగా బోయిన మాటలలో నిదియొకటి.

ఆతడు చెప్పిన మజిలీల పేర్లను మన గ్రామములతో సరిచూచిన బాట తనంతట దానే కనబడును. జతెనగరమన్నది హయాతునగరము. అచ్చటి హయాత్ బక్షీ బేగము మసీదును, దాని చుట్టునున్న సరాయి గదులును, సమీపముననున్న ఏనుగులబావియు నేటికిని జూడవచ్చును. పతెంగి యన్నది చౌటుప్పలు చెంతనున్న పంతంగియే కావలెను. ఇంతవఱకు పాతబాటయు గ్రొత్తబాటయు నొక్కటియే. అచ్చటనుండి నేటి రహదారి చిట్యాల, నార్కెటుపల్లి, నకిరేకల్లు, సూర్యాపేటల దెస సాగుచుండగా, టావెర్నియే బాట దక్షిణమునకు ఒదిగి పెంగేలు చేరినది. పెంగేలనగా నల్లగొండ ప్రక్కనున్న పానగల్లు; కందూరు చోడుల యాలయములును పెద్దచెఱువును గల ప్రాచీనస్థానము. అటనుండి కృష్ణయొడ్డున కొల్లూరు, పిదప బెజవాడ. బెజవాడకు దూర్పున వూషీరు, నిలిమోరు అని రెండు పేర్లు వ్రాసినాడు. అవి మన ఉయ్యూరు, నిడుమోలు. ఈ రెండూళ్లును నేటి రహదారిమీదనే యున్నవి. పేర్లు వికృతములైనను వరుస తప్పలేదు.

ఆనాటి ప్రయాణమెట్టిదో చెప్పవలెను. ఈ దారిలో కొండలు, చెఱువులు, ఏళ్లు, ఇఱుకు కనుమలు మెండగుటచే చిన్నబండిని దీసికొనిపోవుటయే కష్టమనియు, తాను గనులకు దెచ్చిన బండిని బలుమాఱు విడదీసి మోయింపవలసివచ్చెననియు టావెర్నియే వాపోయినాడు. కావున సరకంతయు బెరికెయెడ్ల వీపులమీదనే. దేశమున పదివేలు, పండ్రెండువేల యెడ్లు నొక్క గుంపుగా ధాన్యమును ఉప్పును మోసికొని పోవుటను జూచి యాతడబ్బురపడినాడు. ఇఱుకుదారిలో నట్టి మంద యెదురుపడినచో నది సాంతము గడచువఱకు రెండుమూడు దినములు నిలిచిపోవలసినదే యనినాడు. సముద్రపుటుప్పు పడమటికి, మెట్టపంటలు తూర్పునకు. చిరివేరు రంగుతో నెఱ్ఱనైన బందరు కలంకారి గుడ్డలు రేవుదాటి పారసీకదేశమునకు. రాజులపేర్లు శాసనములలో నున్నవి, వర్తకులపేర్లు కుంపిణీల లెక్కలలో నున్నవి. ఎడ్లవెంట నడచినవారి పేర్లెచ్చటను లేవు. బాటను నిలిపినవి వారి పాదములును వారి యెడ్ల గిట్టలునని నా దృఢవిశ్వాసము.

టావెర్నియే చెప్పిన మఱియొక సంగతిని విడువజాలను. గోలకొండకు నాలుగుక్రోసుల దూరమున తెనారా యనుచోట దోటలతో గూడిన నాలుగు భవనములుండెను. వానిలో నొకటి బాటసారులకై విడిచినది. అచ్చట బీదలకు వండిన యన్నము, రొట్టె, కూరలు పెట్టుచుండిరి. పరులు వండినది ముట్టని హిందువులకు పిండియు గొంత వెన్నయు నిచ్చుచుండిరి. పెట్టువాని మతమొకటి, తినువాని యాచారమొకటి యైనను అన్నము పెట్టుటలోని యీ మర్యాద తెలిసిన సత్రములు తర్వాతికాలమున నెన్ని గలవు?

ఇక బాట మాఱుటకు గారణము. కొల్లూరు కృష్ణకు దక్షిణపుగట్టుననున్నది. హైదరాబాదునుండి గనికిబోయి మరల బందరు చేరవలసినవాడు మహానదిని రెండుమాఱులు దాటవలెను. వజ్రమున్నంతకాలము ఈ శ్రమకు ఫలమున్నది. 1687లో ఔరంగజేబు గోలకొండను గైకొనెను. క్రమముగా గనులును వట్టిపోయినవి. వజ్రము లేనిచో నదిని దాటుటెందులకు? నేటి రహదారిని బటము మీద జూడుడు: మూసీని, పాలేటిని, మున్నేటిని దాటును గాని కృష్ణను మాత్రము దాటనే దాటదు. కొల్లూరు గనినేలయు 2013లో ముగిసిన పులిచింతల జలాశయమున మునిగిపోయినది.

ఉత్తరపుగట్టు బాటకు బలము చేకూర్చినవి క్రొత్త సంతలును సరిహద్దులును. పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు బేతవోలుకడ పేటగట్టించి తండ్రిపేర జగ్గయ్యపేట యనిరి. 1766లో ఉత్తరసర్కారులు కుంపిణీ పాలైన పిదప నది రెండు ప్రభుత్వముల యంచున నిలిచిన వర్తకస్థానమయ్యెను. దానికి బడమట విచిత్రమైన మునగాల పరగణా. కృష్ణాజిల్లాలోనిదే, కాని నాలుగు ప్రక్కల నిజాము భూమియే. తెరువరి ఆంగ్లేయరాజ్యమును వీడి నిజాముసీమ జొచ్చి, మరల నాంగ్లేయరాజ్యమున నడచి, మరల నిజాముసీమకు బోవలెను. ఈ చిన్నపరగణా జమీందారులైన నాయని వేంకటరంగారావుగారును వారి దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకును, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలికిని బ్రాణము పోసినవారు. ఉప్పు నడచిన బాటమీదనే పుస్తకములును నడచినవి.

తూర్పుభాగము కదలకుండుటకు గారణము నేలయే. డెల్టాలో నదియొడ్డు మెఱకగానుండి, దూరమైనకొలది భూమి పల్లమగును. బాట మెఱకను బట్టుకొని పోయినది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప బందరుకాలువయు నాదిక్కుననే పాఱి, పడవలు సరకును లాగికొన్నవి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి యుప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మృతినొందిరి; రేవు మరల మునుపటివలె గోలుకొనలేదు. 1889లో నిజాము రైలు ఓరుగల్లు, ఖమ్మముల మీదుగా బెజవాడ చేరెను. 1908లో బందరునకును రైలు వచ్చినది. సూర్యాపేట, నకిరేకల్లు లీ రైలుకు దూరముగా మిగిలినవి. ఆ పల్లెలకు బాటయే గతి. కావుననే బాట బ్రతికినది.

తక్కినది మనవా రెఱిగినదే. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డురవాణా శాఖను ప్రారంభించిరి. 1948 సెప్టెంబరులో భారతసైన్య మొక పాయగా బెజవాడనుండి యీ బాటననే సాగెను. వెనుదిరిగిన నిజాముసేన సూర్యాపేటకడ మూసీవంతెనను గూల్చినను, గాపులేకుండుటచే నది త్వరలోనే బాగుపడినది. 2012లో హైదరాబాదు బెజవాడల నడుమ నాలుగువరుసల బాట సిద్ధమైనది. 2024 సెప్టెంబరు ఆరంభమున మున్నేటినీరు ఐతవరముకడ బాటమీద బొర్లి రాకపోకలు నిలిచిపోయినవి. టావెర్నియే కాలపు టెద్దులవలెనే లారీలును నీరు తీయువఱకు వేచియుండెను.

బాట వెడల్పైన ప్రతిమాఱును ప్రక్కనున్న దిగుడుబావులు, చలివేంద్రపు మండపములు, మైలురాళ్లు మొదట మాయమగుచున్నవి. సభ్యులలో హయాతునగరమునుండి నిడుమోలువఱకు గల యేగ్రామమునందైనను పూర్వులు త్రవ్వించిన బావికాని, కట్టించిన సత్రముకాని, దానిమీది యక్షరములుకాని యున్నయెడల వానిని నకలు వ్రాసికొని, ఇంటి వృద్ధులు చెప్పు పేర్లను జేర్చి, సంఘ కార్యాలయమునకు బంప గోరుచున్నాను. అక్షరములు చదువరానిచో సుద్దపొడి చల్లి, ప్రక్కవెలుతురున బొమ్మతీసి పంపినను జాలును; చదువుటకు నేను సిద్ధముగా నున్నాను.