గోరా: ఉద్యోగాలు పోయాక

గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902–1975) నాస్తికోద్యమ నాయకుడు, వృక్షశాస్త్ర అధ్యాపకుడు. జంధ్యం వేసుకోనన్నందుకు తండ్రి ఇంట్లోంచి పంపేశాడు. నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత బందరు హిందూ కళాశాలలోనూ అదే జరిగింది. ఇంటినిండా పిల్లలు, చేతిలో జీతం లేదు. మూడోచోట పాఠాలు చెప్పుకోవడానికి అర్హతలకేం లోటు లేదు, ఎం.ఎ. చదివినవాడే. అయినా ఆ దారి వదిలేసి 1940లో భార్య సరస్వతితో కలిసి కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. వయోజన విద్య, సహపంక్తి భోజనాలు, అంటరానితనంపై పోరు అక్కడి పనులు. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

పిల్లల పేర్లే ఆ ఇంటి చరిత్ర చెబుతాయి: ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడు పుట్టినవాడు లవణం, రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడు పుట్టినవాడు సమరం.

పెద్ద కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి తన సమక్షంలోనే చేయిస్తానని గాంధీజీ మాటిచ్చారు. 1948 జనవరిలో ఆయన హత్య జరిగింది. పెళ్లి ఆగలేదు, మార్చిలో సేవాగ్రాంలోని గాంధీజీ ఆశ్రమంలో జరిగింది.

గోరా 1975 జులై 26న విజయవాడలో ప్రసంగిస్తూ కుప్పకూలి మరణించాడు. ఆయన పేరే ఎక్కువ వినిపిస్తుంది గానీ, ఆపైన మూడు దశాబ్దాలు, 2006లో చనిపోయేదాకా, కేంద్రానికి పెద్దదిక్కు సరస్వతే. 1977 నవంబరు ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు కేంద్రం కార్యకర్తలు సహాయ పనుల్లోకి దిగారు.