సామర్లకోట ప్రాంతపు మండువా లోగిళ్ళు: కొయ్యకట్టు, పదసంపద

గోదావరి డెల్టా గృహవాస్తును గురించిన చర్చల్లో మండువా లోగిలిని సంపన్నతకు చిహ్నంగా పేర్కొనడం పరిపాటి. అది ప్రధానంగా ఒక కొయ్యకట్టు అన్న అంశానికి తగిన ప్రాధాన్యం లభించలేదు. ఆ కట్టు స్వరూపాన్ని, దాని నుండి తెలుగు భాషకు సంక్రమించిన పదాలను సామర్లకోట ప్రాంతాన్ని ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

సామర్లకోట మైదానపు ఊరు. కలప మాత్రం రాజమహేంద్రవరానికి ఎగువనున్న కొండలది. అడవిలో నరికిన టేకు దుంగలు తెప్పలుగా నది వెంట దిగివచ్చేవి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆపై ఏర్పడిన కాలువలు సాగునీటికే కాక సరకుల రవాణాకూ మార్గాలైనాయి. కడియం, అనపర్తి, బిక్కవోలు మీదుగా సాగే సామర్లకోట కాలువ ఈ ఊరిని నదితో కలిపింది. ఈ వృక్షసంపదకు శాస్త్రగ్రంథాల్లో చోటు దక్కడానికీ సామర్లకోటతో సంబంధం ఉంది. 1781 నుండి 1793 వరకు ఇక్కడ వైద్యుడుగా పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించి, తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు. 1795లో వెలువడనారంభించిన ఆయన గ్రంథం తొలి సంపుటంలోనే టేకు చిత్రం ఉంది.

లోగిలి కప్పు బరువును చుట్టుగోడలు కొంత, మండువా చుట్టూ నిలిపిన స్తంభాలు కొంత మోస్తాయి. చెమ్మ, చెదలు సోకకుండా స్తంభాల అడుగున రాతి దిమ్మెలు ఉంటాయి. స్తంభాలపై దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు, ఏటవాలుగా వాసాలు, వాసాలపై బద్దెలు, ఆపైన నాటుపెంకు అన్నది కట్టు క్రమం. లోపలికి వాలిన నాలుగు కప్పుల నీరు మండువాలో పడి తూము గుండా వెలుపలికి పోతుంది.

ఈ కట్టుకు భాషే ఒక సాక్ష్యం. ‘తిన్న ఇంటి వాసాలు లెక్కబెట్టడం’ అన్న నుడికారం కృతఘ్నతను సూచిస్తుంది. భోజనానికి కూర్చున్నవాడు తలెత్తితే వాసాలు కంటబడే ఇంటిలోనే ఆ మాటకు అర్థం కుదురుతుంది. ‘చూరు పట్టుకొని వేలాడడం’ అన్నది చేతికందే చూరును స్ఫురింపజేస్తుంది. కాంక్రీటు కప్పు కింద పెరిగిన తరానికి ఈ నుడికారాల భావం తెలుస్తుంది గాని, వాటి వెనుకనున్న దృశ్యం తెలియదు.

మాండలిక వృత్తి పదకోశ పరంపరలో బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వాన వచ్చిన వాస్తు పదకోశం ఇటువంటి పదాలను భద్రపరచింది. అయితే పదకోశం పదాన్ని నిలుపుతుంది. ఆ పదం సూచించే కొయ్య కట్టులో ఎక్కడ, దేనితో అతికి ఉంటుందో ఇల్లే చూపాలి. లోగిలిని విప్పినప్పుడు టేకు దూలాలకు, ద్వారబంధాలకు పాతకలపగా వెల పలుకుతుంది. అవి మరో ఇంట చేరి మరో రూపం పొందుతాయి. కలప నిలిచినా కట్టు నిలవదు. కనుక మిగిలిన లోగిళ్ళను విప్పకముందే కొలతలతో, చిత్రాలతో, వడ్రంగుల నోటి పదాలతో నమోదు చేయడం వాస్తు పరిశోధకులతో పాటు తెలుగు శాఖల బాధ్యత కూడా.